పెద్దమ్మను దివిసీమలో దింపి వచ్చిన వైనం

ముదినేపల్లి నుంచి దివిసీమకు బాతును బస్సులో తీసుకువెళ్ళే పని ఎంతమందికి పడుతుందో నాకు తెలియదు. పడితే మాత్రం ముందుగా చెప్పవలసింది ఒకటుంది. మూత ఉన్న బుట్ట తీసుకోండి. నేను తీసుకోలేదు.

మా ఊరు ముదినేపల్లికి మూడు కిలోమీటర్లు. మావారు రైసుమిల్లులో గుమస్తా. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు ఇంట్లోనే పలక పట్టించి నేర్పిన చదువు నాది. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. యాభై రెండేళ్ళు వచ్చినా ఒంటరిగా గుడివాడ దాటి వెళ్ళడం ఇదే మొదటిసారి.

కోతలయ్యాక ఏటా నెల్లూరు వైపు నుంచి బాతుల వాళ్ళు వస్తారు. కోసిన చేలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాళ్ళ బాతులు ఏరుకు తింటాయి. ఈసారి పోలయ్య, అంకమ్మ అనే మొగుడూ పెళ్ళాలు ఆరువందల బాతులతో మా ఇంటి వెనక చేలో దిగారు. తాగే నీళ్ళకీ, ఫోను ఛార్జింగుకీ మా ఇంటికే వచ్చేవారు. కానీ మా వైపు వరి కోయకముందే చేలో మినుము చల్లేస్తారు. మొలక కనిపించిందంటే రైతు బాతును అడుగు పెట్టనివ్వడు. అందుకని వారం తిరక్కుండానే వాళ్ళు ఒక మినీలారీ మాట్లాడుకుని, తెల్లారకముందే బాతులన్నిటినీ ఎక్కించుకుని దివిసీమ వెళ్ళిపోయారు.

ఆ మర్నాడు చేపల చెరువు గట్టున ఒక బాతు పడి ఉంది. నీటికాకులు వాలకుండా చెరువు మీద కట్టిన నైలాను దారం దాని కాలికి చుట్టుకుని కోసేసింది. దారం తెంపి, పసుపు అద్ది, ఇంటికి తెచ్చాను. గుడ్డు కూడా గుమ్మం తొక్కని ఇల్లు మాది. బాతు ఏం తింటుందో కూడా తెలియదు. నూకలు పెడితే తింది. కాలు కాస్త నెమ్మదించాక అంకమ్మకు ఫోన్ చేసి, "మీ బాతు ఒకటి ఇక్కడ ఉండిపోయిందమ్మా" అన్నాను.

"ఒక్కదాని కోసం అంతదూరం యాడొస్తాం అమ్మా. మీరే కోసుకోండి" అంది.

కోసుకోండి అన్న మాట చెవిన పడగానే ఫోన్ పెట్టేశాను. అది ఎలా ఉంటుందో, ముసలిదో పడుచుదో, నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ ప్రయాణం ఒక వారం ముందే, నింపాదిగా జరిగేది.

మొన్న శనివారం ఉదయం తొమ్మిదీ పదికి అంకమ్మే ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు. "అమ్మా, అయ్యగారు మిల్లులో గదా, ఈ పొద్దు సాయంత్రంలోగా ఒక్క లారీ దొరికేట్టు చూడమని చెప్పమ్మా" అంది. వాళ్ళు దిగిన బీడు చుట్టూ మినుము చేలే. మర్నాడు ఆదివారం పొద్దున ఆరింటికి పురుగుమందు కొట్టడానికి రైతులందరూ కలిసి డ్రోన్ మాట్లాడుకున్నారు. మందు పడిన నీళ్ళు తాగితే బాతు ఒక్కటి మిగలదు. రోడ్డు వంతెన అవతల, మినుము లేని ఉప్పుచేను ఒకటి వీళ్ళకి దొరికింది. అక్కడికి చేరాలంటే వంతెన ఒక్కటే దారి. కింద మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క. అందులోకి దిగితే బాతులు చిక్కుకుపోతాయి. రెండు రోజులుగా వంతెన ఎక్కించబోతుంటే హారన్ మోతకి చెల్లాచెదురైపోతున్నాయట.

"ముందు నడిచేది లేదమ్మా. దాన్ని మీ ఊళ్ళో నక్క ఎత్తుకపోయె. అది ముందుంటే మిగతావి కళ్ళు మూసుకుని నడుస్తాయి."

లారీలన్నీ ధాన్యం మోతలో ఉన్నాయని, సోమవారం దాకా దొరకవని మావారు ముందు రాత్రే అన్నారు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, ఊరటగా ఉంటుందని, "మీదే ఒకటి నా కాళ్ళ దగ్గరే ఉందమ్మా, బాగానే తిరుగుతోంది. ముక్కు చివర విరిగిన ముసల్ది" అన్నాను.

అవతల ఒక్క కేక. "అదే మా పెద్దమ్మ!"

చీకటి పడితే బాతులు కదలవు. అంటే ఐదున్నరలోపు అది అక్కడ ఉండాలి. వాళ్ళు మందను వదిలి రాలేరు. నేను గోడ గడియారం చూశాను, దేవుడి గదిలో దీపం చూశాను. మిల్లుకు ఫోన్ చేశాను.

"బాతుకి తోడు నువ్వు వెళ్తావా, నీకు తోడు బాతు వస్తుందా?" అన్నారు మావారు.

"ఆరువందల ప్రాణాలండీ."

"ఫోను ఛార్జింగ్ నిండా ఉందా? దిగిన చోటల్లా ఫోన్ చెయ్యి" అన్నారాయన.

తొమ్మిదీ యాభైకి షేర్ ఆటో ఎక్కాను. కూరగాయల బుట్టలో గడ్డి, గడ్డి మీద పెద్దమ్మ, దాని మీద నా చెయ్యి. పదీ ముప్పై ఐదుకి గుడివాడ బస్టాండు. పామర్రు మీదుగా అవనిగడ్డ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అదే దగ్గర దారి. మెట్టు మీద కాలు పెట్టానో లేదో కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కోడి, మేక, బాతు ఎక్కించం అమ్మా."

"ఒళ్ళోనే పెట్టుకుంటాను బాబూ."

"ఎక్కడ పెట్టుకున్నా బాతు బాతే గదమ్మా."

బస్సు వెళ్ళిపోయింది. తర్వాతది ఒంటిగంటకట. అంతసేపు అక్కడ కూర్చుంటే నాకు పిచ్చెక్కేది. బందరు వెళ్ళి అక్కడినుంచి అవనిగడ్డ బస్సు పట్టుకోవచ్చని పళ్ళు అమ్మే ఆవిడ చెప్పింది. చుట్టుదారే, కానీ కదులుతున్న దారి. పదకొండుకి బందరు బస్సు ఎక్కాను. ఈసారి బుట్ట మీద కొంగు కప్పి ఎక్కాను, దేవుడు క్షమించాలి. బస్సు ఊరు దాటగానే కొంగు కింద నుంచి పెద్దమ్మ గట్టిగా ఒక మాట అంది. కండక్టరు వచ్చాడు.

"మీకు ఫ్రీ అమ్మా, ఆధార్ చూపించండి." చూపించాను. సున్నా టికెట్ ఇచ్చాడు. "మరి దానికి?"

"దానికి ఆధార్ లేదు బాబూ."

వెనక సీటులోంచి ఒకావిడ, "ఆడబాతే కదండీ కండక్టరు గారూ, దానికీ ఫ్రీయే కొట్టండి!" అంది.

"ఆడో మగో మీరూ మీరూ తేల్చుకోండి. నేను లగేజీ కొడతా" అని ముప్పై రూపాయల టికెట్ చింపి నా చేతిలో పెట్టాడు. దింపెయ్యలేదు, అదే పదివేలు. ఆ చీటీ ఇంకా నా దగ్గరుంది. మా ఇద్దరిలో డబ్బిచ్చి ప్రయాణం చేసింది అదే.

దారిలో రైలు గేటు వేశారు. పన్నెండు నిమిషాలు. గేటు ఎత్తేదాకా నేను సీటు చివరే కూర్చున్నాను, నేను ముందుకు జరిగితే బస్సు కదులుతుందన్నట్టు. ఆగిన బస్సులో పెద్దమ్మ ఊరుకోలేదు. అరుపే అరుపు. పక్కన కూర్చున్న ముసలాయన నవ్వుతూ చూస్తున్నాడు. వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని ఎర్రరంగు. పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తాడట.

"వెలుతురు చూసి అరుస్తోంది అమ్మాయ్. చీకటి చేస్తే నోరు మూస్తుంది" అని సంచిలోంచి ఒక గుడ్డ తీసి బుట్ట మీద కప్పి, అంచులు బుట్ట అల్లికలోకి దోపాడు. అచ్చు పక్కకి జరిగి పువ్వు మీద పువ్వు పడ్డ గుడ్డ అది, అమ్మకానికి పనికిరాదు. నిజంగానే పెద్దమ్మ ఊరుకుంది.

"మీ గుడ్డ బాబాయి గారూ" అన్నాను, ఆయన పెడనలో దిగుతుంటే.

"చెడిపోయిందే కదమ్మా. నా చేతి తప్పు ఇవాళ ఒక పనికొచ్చింది" అని దిగిపోయాడు.

పన్నెండూ నలభైకి బందరు. అవనిగడ్డ బస్సు ఒంటిగంటా పదికి. శనివారం నాకు ఒంటిపూట భోజనం, అదీ రాత్రికే. కాబట్టి తిండి బెంగ లేదు. వెళ్ళేవాళ్ళకి చెప్తున్నాను, బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి శుభ్రంగా కనిపించింది. గుడ్డ తీసి చూస్తే పెద్దమ్మ నోరు తెరిచి రొప్పుతోంది. బెంచీ మీద బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ టిఫిన్ క్యారేజీ మూతలో నీళ్ళు పోసి కింద పెట్టింది.

"దించమ్మా కిందికి, ఉడికిపోతోంది పాపం."

"పారిపోతుందేమోనండీ."

"పారిపోతే పట్టుకుందాం. పేరు మస్తాన్‌బీ అమ్మా నాది. ముగ్గురు పిల్లల్ని ఈ బస్టాండులోనే పట్టుకున్నా, ఇదెంత?"

దించాను. అది కడుపునిండా నీళ్ళు తాగింది, మూతలో తల ముంచి మా ఇద్దరి మీదా చిలకరించింది. పారిపోలేదు. అవనిగడ్డ బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తే నేను చూడ్డానికి నాలుగడుగులు వేశాను. అదీ నా వెనకే కుంటుకుంటూ నాలుగడుగులు వేసింది. మస్తాన్‌బీ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇది బాతు కాదమ్మా, నీ ఆడపడుచు!"

నేనూ నవ్వాను. ఆ నాలుగడుగులు చూసి నేను అప్పుడే ఆలోచించవలసింది. నవ్వి ఊరుకున్నాను.

ఈ బస్సులో సీటు దొరికింది కానీ పక్కన తెల్లబట్టల పెద్దమనిషి. చల్లపల్లి రాకముందే ధాన్యం ట్రాక్టర్లు వరసగా రోడ్డెక్కాయి. బస్సు వాటి వెనక నడిచింది, నిజంగా నడకే. రెండయింది. రెండూ పది. ఆ కుదుపుల్లో పెద్దమ్మ బుట్ట అల్లికలోంచి చేయవలసింది చేసింది, అది ఆ పెద్దమనిషి పంచె అంచు మీద పడింది.

"పెళ్ళికి వెళ్తున్నానమ్మా నేను! బాతుల్ని మొయ్యడానికా ఈ బస్సు?"

కొంగు తడిపి తుడవబోతే తుడవనివ్వలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకు తెచ్చానో, సాయంత్రంలోగా ఎందుకు చేరాలో, వెనకాముందూ లేకుండా అంతా చెప్పేశాను. ఆయన విననట్టే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మోపిదేవి వచ్చింది. దిగి స్వామి దర్శనం చేసుకోకుండా ఆ ఊరు దాటడం నాకు ప్రాణసంకటమే. సీట్లోంచే చేతులు జోడించి, ఇవాళ్టికి దీన్నే నీ సేవ అనుకో తండ్రీ అన్నాను. అవనిగడ్డలో బస్సు మలుపు తిరుగుతుంటే ఆ పెద్దమనిషి నావైపు చూడకుండానే అన్నాడు. "కోడూరు రోడ్డుకైతే బస్టాండు దాకా పోకండి. ఇక్కడే దిగండి. ఆటోలు ఇక్కడే ఉంటాయి. అరగంట కలిసొస్తుంది." పంచె అంచు ఇంకా అలాగే ఉంది. నేను దణ్ణం పెట్టాను. ఆయన అదీ చూడలేదు.

మూడూ ఐదుకి ఆటో. మూడూ యాభైకి వంతెన.

రోడ్డుకి ఎడమ పక్క బీడులో ఆరువందల బాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి. అంకమ్మ పరుగెత్తుకొచ్చింది. గుడ్డ తీయగానే పెద్దమ్మ మెడ సాచి ఒక్క అరుపు అరిచింది. బీడులో ఆరువందల తలలు ఒక్కసారి లేచాయి. ఆ గోలకి రోడ్డు మీద సైకిలాయన దిగి నిలబడిపోయాడు. అంకమ్మ బాతును గుండెకి హత్తుకుని దాని ముక్కుని బుగ్గకి ఆనించుకుంది. "యాడికి పోయినావే, యాడికి పోయినావే నా తల్లీ" అంటోంది. నాకు హమ్మయ్య అనిపించింది. ఐదు నిమిషాలు కూడా నిలవలేదు ఆ హమ్మయ్య.

పోలయ్య మందను రోడ్డు మీదికి తోలాడు. అంకమ్మ పెద్దమ్మను ముందు దించి, వంతెన ఎక్కుతూ "బా బా బా" అని పిలిచింది. పెద్దమ్మ రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి, మంద మధ్యలోంచి కుంటుకుంటూ వచ్చి, రోడ్డు పక్కన నిలబడిన నా పాదాల దగ్గర కూర్చుంది. మంద కూడా అటే తిరిగింది.

మళ్ళీ చేశారు. మళ్ళీ అదే.

అంకమ్మ ముఖం నేను చూడలేకపోయాను. "అయిదేండ్లు నా చేతి గింజ తినింది. పది దినాల్లో మరిచిపోయిందా?" అంది. నన్ను నిందించినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు. అయినా నాకు గుచ్చుకుంది. జాలిపడి చేరదీశాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పొద్దస్తమానం నూకలు చల్లుతూ, నా వెనక తిరుగుతుంటే మురిసిపోతూ, ఒకరి చేతి బిడ్డను నేను మళ్ళించుకున్నానని నాకు తట్టలేదు. నాలుగూ ఇరవై అయింది. పొద్దు తాటిచెట్ల మీదికి దిగుతోంది.

పోలయ్యే అన్నాడు. "అమ్మా, నువ్వు ముందు నడువు."

"నేనా?"

"నువ్వు నడిస్తే అది వస్తాది, అది వస్తే అన్నీ వస్తాయి. ఒకటే మాట. ఆగొద్దు, వెనక్కి తిరగొద్దు. నువ్వు తిరిగితే అదీ తిరుగుతాది."

వంతెన అవతలి కొసన టీ బంకు, దాని ముందు పదిమంది మగవాళ్ళు. మా ఊళ్ళో గుడికి వెళ్ళినా నేను మావారికి రెండడుగులు వెనకే నడుస్తాను. ఎవరూ నడవమని చెప్పలేదు, అలా అలవాటు. చెప్పులు విప్పి బుట్టలో పెట్టుకున్నాను, ఎందుకో తెలియదు, గుడికి వెళ్ళేటప్పటిలా. "దా తల్లీ, దా, దా" అని ఇంట్లో పిలిచినట్టే పిలుస్తూ వంతెన ఎక్కాను.

పది అడుగులకి ఎదురుగా ధాన్యం లారీ. హారన్ మోగితే అంతా అయిపోతుంది. నేను ఆగకూడదు. నడుస్తూనే రెండు చేతులూ ఎత్తి జోడించాను. లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటమ్మా, ఊరేగింపా?" అని కేకేశాడు. అంతలో నా వెనక ఏం చూశాడో, ఇంజిను ఆపేశాడు.

అప్పుడు వినిపించింది. మొదట సన్నగా, తర్వాత దగ్గరగా. తాటాకుల మీద చినుకులు మొదలై వానగా మారినట్టు, తారురోడ్డు మీద ఆ పాదాల చప్పుడు. ఒక్క బాతూ అరవడం లేదు. లారీ పక్కనుంచి నడిచాను. దాని వెనక రెండు ఆటోలు, ఒక స్కూలు బస్సు, అన్నీ ఆగి ఉన్నాయి. ఎవరో బండి కిక్కు కొట్టబోతే టీ బంకు ఆవిడ, "ఒరేయ్, ఆపరా ఆ బండి! కళ్ళు కనపట్లేదూ?" అని అరిచింది. నేను "దా, దా" అంటూనే ఉన్నాను. గొంతు ఎండిపోయి మాట గాలిలా వస్తోంది. వంతెన పొడుగు ఎంతో చెప్పలేను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చూస్తే చాలా చిన్నది.

ఉప్పుచేలోకి దిగి మడమ లోతు బురదలో నిలబడేదాకా నేను తిరగలేదు. తిరిగేసరికి చివరి బాతులు వంతెన దిగుతున్నాయి, వాటి వెనక పోలయ్య కర్ర అడ్డంగా పట్టుకుని వస్తున్నాడు. ఆరువందల బాతులు వంతెన దాటడం ఆ రోడ్డు మీద ఉన్న అందరూ చూశారు, నేను తప్ప. అయినా నాకు కొరతగా లేదు. ఆ చప్పుడు విన్నది నా ఒక్కదాని వీపే. అంకమ్మ వచ్చి నా చేయి పట్టుకుంది. మంద లెక్క చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. సమయం ఐదుకి పది తక్కువ.

ఆ రాత్రికి తిరిగి రావద్దన్నారు మావారు ఫోన్‌లో. టీ బంకు రత్తమ్మ తన ఇంట్లోనే చాప వేసింది. లాడ్జీలు అవనిగడ్డలో ఉన్నాయట, నాకు అవసరం పడలేదు. వేడన్నంలో మజ్జిగ పోసి, నిమ్మకాయ పచ్చడి వేసి పెట్టింది. అంతకన్నా రుచైన ఒంటిపూట నేను తినలేదు.

పొద్దున ఆరింటికి వంతెన అవతల డ్రోన్ లేచింది. పెద్ద కందిరీగ మోత. తెల్లటి తుంపర మినుము చేల మీద, నిన్న బాతులు కూర్చున్న బీడు గట్ల మీద పడుతుంటే రత్తమ్మా నేనూ గుమ్మంలో నిలబడి చూశాం. గాలి అటే వీస్తోంది. ఇవతల ఉప్పుచేలో రాత్రి బాతుల చుట్టూ కట్టిన వల దొడ్డి తీశారు, బాతులు నీళ్ళలోకి దిగుతున్నాయి. అంకమ్మ ఇరవై గుడ్లు గడ్డిలో సర్ది తెచ్చింది.

"మా ఇంట్లో గుడ్డు రాదమ్మా" అన్నాను.

"ఇంకేం ఇచ్చుకోనమ్మా, మా దగ్గరుండేది ఇదే గదా."

కాదనడానికి నోరు రాలేదు. కళ్ళకద్దుకుని తీసుకున్నాను. రత్తమ్మ వాటిని నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. "మీరు అద్దుకోండి, నేను అట్టేసుకుంటా" అంది. మరి చాప వేసిన చెయ్యి, న్యాయమే. చూసి వెళ్తానని పెద్దమ్మ వైపు అడుగు వేస్తే అంకమ్మ ఆపింది. "వద్దమ్మా. నిన్ను చూస్తే మళ్ళీ వెనకపడతాది. ఇట్టే వెనక దోవన ఎలబారు." పది రోజులు నా చుట్టూ తిరిగినదానికి ఒక మాట చెప్పకుండా, దొంగలా ఇంటి వెనక నుంచి ఆటో ఎక్కాను.

ఎనిమిదీ నలభైకి అవనిగడ్డలో బందరు బస్సు కదిలింది. ఆదివారం, కిక్కిరిసి ఉంది. కాలువ దాటామో లేదో ఫోను మోగింది. అంకమ్మ.

"అమ్మా! పెద్దమ్మ నిన్ను వెతుక్కుంటూ రోడ్డెక్కింది. వంతెన దోవ పట్టింది. మంద మొత్తం దాని వెనకే పోతావుంది. అడ్డం పడితే పక్కకి తప్పుకుని పోతాంది. అవతల మందు ఇంకా ఆరలా!"

లేచి నిలబడ్డాను. "బస్సు ఆపండి బాబూ, నేను దిగాలి" అన్నాను కండక్టరుతో. దిగి ఆటో పట్టుకుని వెళ్ళేసరికి అవి వంతెన దాటేస్తాయని నాకే తెలుస్తోంది. ఫోన్‌లో పోలయ్య గొంతు, "పిలవమ్మా! ఫోన్లోనే పిలువు! నేను స్పీకర్ పెట్టి పట్టుకుంటా!"

చుట్టూ డెబ్భై మంది. చంటిపిల్లల ఏడుపు, ఎవరి ఫోన్‌లోనో పాటలు. నేను ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "దా తల్లీ, దా, దా" అన్నాను.

"గట్టిగామ్మా! వినపడ్లా!"

"దా! దా తల్లీ! దా, దా, దా!"

బస్సులో నవ్వులు. "ఎవరమ్మా ఫోన్లో, మనవడా?" అని ఒకాయన. పక్కావిడ ఫోన్‌కి చెవి ఆనించింది. అవతల బాతుల గోల వినిపించి ఉంటుంది. "కాదండీ, బాతు!" అంది. ఇంకా నవ్వులు. నేను పిలుపు ఆపకుండానే, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ, విషపు మందు, వంతెన, ఆరువందలు అని మూడే ముక్కలు చెప్పగలిగాను. పక్కావిడ వాటిని అతికించి వెనకవాళ్ళకి చెప్పింది. వాళ్ళు ఇంకా వెనక్కి చెప్పారు.

పాట ఆగింది. చంటిపిల్లను తల్లి కొంగులోకి తీసుకుంది. కండక్టరు డ్రైవరు దగ్గరికి వెళ్ళి, హారన్ మీద చెయ్యి వెయ్యొద్దని సైగ చేశాడు.

"ఆగిందమ్మా" అన్నాడు పోలయ్య. "చెవి పెట్టింది. పిలువు, పిలువు. నేను చేలోకి నడస్తన్నా."

పిలిచాను. బస్సు ఇంజిను మోత, నా గొంతు తప్ప ఇంకేం లేదు. ఎవరో నీళ్ళ సీసా అందించారు, ఒక గుటక మింగి మళ్ళీ పిలిచాను. ఒక స్టాపులో ఇద్దరు ఎక్కి, ఏదో అడగబోతే ముందు నిలబడినవాళ్ళు వేలు పెదవి మీద పెట్టారు. వాళ్ళూ ఏమీ అర్థంకాకుండానే నోరు మూసుకుని కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. మోపిదేవి గోపురం కిటికీలో కనిపించింది. చెయ్యెత్తి దణ్ణం పెట్టడానికి కూడా తీరిక లేదు. స్వామికి వినపడేట్టుగానే పిలుస్తున్నాను కదా అనుకున్నాను.

"చేలో దిగినాయమ్మా" అంది అంకమ్మ, ఊపిరి ఎగపీలుస్తూ. "అన్నీ దిగినాయి. పెద్దమ్మ నా కాడే ఉంది. గింజలు తింటా ఉంది. నా చేతిలోనే."

పక్కావిడ వైపు చూసి తల ఊపాను. పక్కావిడ లేచి నిలబడి బస్సు చివరిదాకా వినపడేలా, "దిగాయంట!" అంది. కండక్టరు విజిల్ వేశాడు, ఎందుకో మరి, అక్కడ స్టాపు లేదు. ఒక్కసారిగా అందరూ మాట్లాడడం మొదలుపెట్టారు.

దివిసీమలో ఏం చూసొచ్చావని ఇంటికి వచ్చాక అందరూ అడిగారు. సాగర సంగమం చూడలేదు, మోపిదేవిలో దిగలేదు. అవనిగడ్డ బజారు ఎటుందో తెలియదు. నేను చెప్పగలిగింది ఒకటే. ఆ దారిలో ఒక బస్సు బస్సంతా, మోపిదేవి దాటేదాకా, ఒక బాతు కోసం మాట్లాడకుండా కూర్చుంది.